ఎండాకాలపు మంచు మీద నడక

మే చివర్లో సెలవు దొరికింది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా బెర్తులు ఖాయమయ్యాయి, అక్కడి నుంచి మనాలీకి బస్సు. జూన్ మొదటి వారంలో హంప్టా పాస్ ట్రెక్. ఇక్కడ హైదరాబాద్ నాచారంలో చూస్తే ఎండ నలభై డిగ్రీలు దాటింది, కూలర్‌లో పోసిన నీళ్లు పోసినట్టే అయిపోతున్నాయి. ఇంత ఎండలో కూర్చుని మంచు గురించి ఆలోచించడం ఎవరికైనా కష్టమే. "ఎండాకాలమే కదా, మనం పోయేసరికి కరిగిపోతది. ఉన్నా ఫొటోలు దిగే మందమే ఉంటది" అని స్నేహితులు అంటే మీరూ తలాడించారా? అయితే ఈ అధ్యాయాన్ని ప్రయాణానికి ముందే చదవండి.

హంప్టా పాస్ ఎత్తు సుమారు 4,270 మీటర్లు. నాచారం పక్కనున్న మన ఉప్పల్ ఎత్తు 500 మీటర్లకు అటూ ఇటూ. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది కాబట్టి, ఒక్క ఎత్తు వల్లనే అక్కడ మనకంటే 24 డిగ్రీలు తక్కువ ఉంటుంది. చలికాలమంతా పొరలు పొరలుగా పడిన మంచు ఆ చల్లదనంలో జూన్‌లోనూ నిలిచే ఉంటుంది. సార్ పాస్, బురాన్ ఘాటీ, రూపిన్ పాస్ దారుల్లోనూ ఇదే పరిస్థితి. ట్రెక్కింగ్ జోలికి పోనివాళ్లకు కూడా ఇది తప్పదు. అమ్మానాన్నలను తీసుకుని మే నెలలో కేదార్‌నాథ్ వెళ్తే, దారిలోని లించోలి దాటాక మంచును తవ్వి తీసిన దారిలో నడవాల్సి రావచ్చు. 2023లో ఏప్రిల్ 25న గుడి తెరిచారు. మే మొదటి రోజుల్లోనే పైనుంచి మంచు విరిగిపడి నడకదారి మూసుకుపోయింది, యాత్ర ఆపాల్సి వచ్చింది.

ఈ మంచుకు భయపడి ప్రయాణం మానుకోమని నేను చెప్పను. దాని స్వభావం తెలుసుకుని వెళ్లమంటాను. అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇది: ఎండాకాలపు మంచు వేళను బట్టి మారిపోతుంది. పొద్దున నడిచిన మంచు మధ్యాహ్నానికి అదే మంచు కాదు. ఏ వేళకు ఎక్కడ ఉండాలో తెలిసినవాడికి సగం ప్రమాదం తప్పినట్టే.

ఒకే మంచు, మూడు వేళలు

తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటలప్పుడు మంచు గట్టిగా ఉంటుంది. పగలు కరిగిన నీరు రాత్రి మళ్లీ గడ్డకట్టడమే దీనికి కారణం. కాలు దిగబడదు, నడక చురుగ్గా సాగుతుంది. కానీ వాలులో జారితే ఆగడం కష్టం.

ఎండ తగిలిన కొంతసేపటికి పైపొర కొద్దిగా మెత్తబడుతుంది. బూటు అంచు ఆనితే పట్టు దొరుకుతుంది. నడకకు ఇదే అనువైన వేళ. ఎక్కువ రోజుల్లో ఇది పది గంటలు దాటి ఉండదు.

మధ్యాహ్నానికి మంచు నీళ్లు పట్టి బరువెక్కుతుంది. దమ్ము చేసిన మడిలో కాలు దిగబడినట్టు మోకాలి దాకా, ఒక్కోచోట తొడ దాకా దిగబడుతుంది. వాగుల మీది మంచు కప్పు పలచబడుతుంది. రాత్రంతా గడ్డకట్టి పట్టుకున్న రాళ్లు పట్టు సడలి పైనుంచి దొర్లుతాయి. నిటారు వాలుల్లో తడిసిన మంచు మొత్తంగా జారిపడేదీ ఎక్కువగా ఇప్పుడే.

ఒక చిన్న మెలిక కూడా ఉంది. రాత్రి మబ్బు పట్టి ఉంటే మంచు సరిగా గడ్డకట్టదు. అలాంటి రోజు తెల్లవారుజామున కూడా మెత్తగానే ఉంటుంది. అందుకే రాత్రి ఒకసారి టెంటు బయటికి వచ్చి ఆకాశం చూడండి. చుక్కలు కనిపిస్తే పొద్దున నేల గట్టిగా ఉంటుందని ఆశించవచ్చు.

గైడ్ "మూడున్నరకు లేవాలి" అన్నప్పుడు విసుక్కోకుండా లేవడం ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా? పదిమంది బృందంలో ఇద్దరు లేవకపోతే, ఇంకో ఇద్దరు టీ కోసం ఆగితే, నాలుగింటికి కదలాల్సినవాళ్లు ఏడింటికి కదులుతారు. ఆ మూడు గంటల ఆలస్యం పాస్ దగ్గర తేలుతుంది. ఎక్కేటప్పుడు అందరూ బాగానే ఉంటారు. మెత్తబడిన మంచులో దిగేటప్పటికి కాళ్లలో సత్తువ ఉండదు.

ఉప్పల్‌లో ఉండగానే చేయాల్సినవి

1. మెట్లు దిగడం సాధన చేయండి. ఎక్కడం అందరూ చేస్తారు, దిగడం వదిలేస్తారు. లిఫ్టులో కిందికి రావడం మానండి. మంచు మీద మోకాలికి, తొడ కండరానికి అసలు పరీక్ష దిగేటప్పుడే. మౌలాలీ గుట్ట మెట్లు మనకు దగ్గరే. గుట్ట మీద దర్గా ఉంది కాబట్టి భక్తులకు అడ్డు రాకుండా పొద్దున్నే వెళ్లి రండి. అంత దూరం కుదరని రోజు ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన స్కైవాక్ మెట్లు చాలు. మొదటి వారం ఖాళీ చేతులతో, రెండో వారం నుంచి వీపున సంచితో దిగండి. సంచి బరువు మెల్లగా ఆరేడు కిలోలకు తెండి. మే నెలలో ఎండ ఎక్కకముందే, ఆరున్నరకల్లా ముగించండి. పొద్దున్నే లేవడం కూడా దీంతోపాటే అలవాటవుతుంది.

2. బూట్లు నెల ముందే కొనండి. చీలమండ కప్పే ఎత్తు, లోతైన గాట్లున్న అడుగు, నీళ్లు చొరబడని పైభాగం చూసుకోండి. కొన్నవాటిని పెట్టెలో దాచకండి. కూరగాయలకు వెళ్లినా, పార్కుకు వెళ్లినా అవే తొడుక్కోండి. బొబ్బ రావాలంటే ఇక్కడే రావాలి. దుకాణంలో మందపాటి సాక్స్ వేసుకుని తొడిగి, ఏటవాలు చోట నిలబడి చూడండి. బొటనవేలు ముందుకు తగిలితే ఆ సైజు వద్దు.

3. ఒక ఆదివారం భువనగిరి వెళ్లండి. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే నేరుగా వెళ్లేది అక్కడికే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి శిక్షణ పొందింది అక్కడి ఏకశిల కొండ మీదే. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన ఆ అమ్మాయి మంచు కంటే ముందు రాయి మీద అడుగు వేయడం నేర్చుకుంది. మీరు తాళ్లతో ఎక్కనక్కర్లేదు. నున్నటి ఏటవాలు బండ మీద వంగిపోకుండా, బరువంతా పాదాల మీద ఉంచి నిలబడడం అలవాటు చేసుకోండి. మంచు మీద పనికొచ్చేది సరిగ్గా ఇదే.

4. నిర్వాహకులకు ఫోన్ చేసి ఈ నాలుగూ అడగండి. ఇప్పుడు పాస్ మీద మంచు ఎంత ఉంది? ఎంతమందికి ఒక గైడ్? మైక్రోస్పైక్స్, గైటర్లు మీరే ఇస్తారా? వాతావరణం చెడితే ఎవరు, ఎక్కడ వెనక్కి తిప్పుతారు? చివరి ప్రశ్నకు "ఏం కాదు సార్, పక్కా దాటిస్తాం" అని జవాబు వస్తే, ఇంకొకరిని చూసుకోండి. బాధ్యత తెలిసినవాళ్లు పక్కా అనే మాట వాడరు.

సామాను జాబితా పెద్దదేం కాదు. బూటు అడుగుకు తొడిగే చిన్న ముళ్ల గొలుసు మైక్రోస్పైక్స్. బూట్లలోకి మంచు పోకుండా పిక్కల దాకా కట్టుకునేవి గైటర్లు. రెండు ట్రెక్కింగ్ కర్రలు, నీళ్లు దిగని చేతి తొడుగులు, ఊలు సాక్స్ మూడు జతలు, వానకోటు, తలకు పెట్టుకునే టార్చి. జీన్స్, కాటన్ బనియన్లు ఇంట్లోనే వదిలేయండి. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది, ఆ చలిలో త్వరగా ఆరదు.

మంచు మీద అడుగులు

5. ఎక్కేటప్పుడు బూటు ముందు భాగంతో మంచును తన్ని మెట్టు చేసుకోండి. మెట్టు కొద్దిగా లోపలికి వాలి ఉండాలి. ముందు నడిచే గైడ్ చేసిన మెట్లు ఉంటే వాటిలోనే కాలు పెట్టండి, సొంత దారి తీయకండి. అడుగు చిన్నదిగా వేయండి. ఊపిరి అందకపోతే ప్రతి అడుగుకూ ఒక శ్వాస చొప్పున సాగండి.

6. వాలును అడ్డంగా దాటేటప్పుడు కొండ వైపు ఒరగకండి. భయంతో అందరూ చేసే పని ఇదే. ఒరిగితే పాదం బయటికి జారుతుంది. ఒళ్లు నిటారుగా, కొండవైపు బూటు అంచు మంచులో దిగేలా నడవండి. ముందున్న మనిషికి కొంత ఎడం ఇవ్వండి. దాటే ముందు ఒక్క క్షణం కిందికి చూడండి: ఇక్కడ జారితే ఎక్కడ ఆగుతాను? అడుగున చదునైన మంచు ఉంటే సరే. బండలో, వాగో ఉంటే తాడు గానీ, గైడ్ చేయి గానీ అడగడానికి సిగ్గుపడకండి.

7. దిగేటప్పుడు మడమ ముందు వేయండి. మోకాలు కొద్దిగా వంచి, మడమను ధైర్యంగా మంచులోకి దింపండి, బరువు పాదం మీద పడనివ్వండి. వెనక్కి వాలితే మడమకు పట్టు పోతుంది, మరుక్షణం కూలబడతారు. హంప్టా పాస్ నుంచి షియా గోరు శిబిరం వైపు దిగుడు బాగా నిటారు. అక్కడ పనికొచ్చేది ఇదొక్కటే.

8. జారితే వెంటనే బోర్లా తిరగండి. తల పైకి, కాళ్లు కిందికి ఉండాలి. మోచేతులు, మోకాళ్లు, బూటు ముందు భాగం మంచులోకి గుచ్చి ఆపుకోండి. స్పైక్స్ కట్టుకుని ఉంటే మాత్రం పాదాలు పైకెత్తి మోకాళ్లతోనే ఆపాలి. ముళ్లు మంచులో తట్టుకుంటే చీలమండ విరుగుతుంది, లేదా ఒళ్లు పల్టీ కొడుతుంది. దీన్ని చదివి వదిలేస్తే లాభం లేదు. మంచు మొదలైన రోజే, అడుగున చదునుగా ఉన్న చిన్న వాలు చూసి నేర్పమని గైడ్‌ను అడగండి. అరగంట చాలు.

9. బండల పక్కన, చెట్ల మొదళ్ల పక్కన అడుగు వేయకండి. ఎండకు కాగిన బండ చుట్టూ మంచు లోపల డొల్లగా కరుగుతుంది, పైకి మామూలుగానే కనిపిస్తుంది. కూర్చోవడానికి బండ కనిపించగానే అటు పరుగెత్తడం మనకు అలవాటు. ముందు కర్రతో గుచ్చి చూడండి. కాళ్ల కింద నీళ్ల చప్పుడు వినిపించినా, మంచు మధ్యలో కుంగి రంగు మారినట్టు కనిపించినా, కింద వాగు ఉన్నట్టే. ఒక్కొక్కరుగా, గైడ్ చూపిన చోటే దాటండి.

10. వాగులు పొద్దున్నే దాటండి. పొద్దున మోకాలి కింద పారిన నీళ్లు సాయంత్రానికి నడుము దాకా రావచ్చు, పైన మంచు కరిగేది పగలే కాబట్టి. దాటేటప్పుడు సంచి నడుం బెల్టు విప్పి ఉంచండి, పడితే సంచి వదిలించుకోవచ్చు. వట్టికాళ్లతో దిగకండి, చెప్పులైనా వేసుకోండి. ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ప్రవాహం వచ్చే వైపు ముఖం పెట్టి దాటండి. కొండల్లో నీటి ఒడ్డున రాళ్ల మీద ఫొటోలకు మాత్రం ఏ వేళా మంచిది కాదు. 2014 జూన్ 8న బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అది పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీరు. కారణం వేరైనా హెచ్చరిక ఒకటే: కొండ నదిలో మట్టం క్షణాల్లో పెరుగుతుంది.

కళ్లు, పాదాలు, ఊపిరి

11. కూలింగ్ గ్లాసెస్ తీయకండి. తాజా మంచు అతినీల లోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. మబ్బు పట్టిన రోజు కూడా ఈ కిరణాలు పూర్తిగా ఆగిపోవు. కంటికి దెబ్బ తగిలినట్టు ఆ క్షణాన తెలియదు. ఆరు గంటలు గడిచాక, రాత్రి టెంట్లో, కళ్లలో ఇసుక పడినట్టు మంట, నీళ్లు మొదలవుతాయి. పక్కల నుంచి కూడా వెలుగు రానివ్వని, యూవీ 400 అని రాసి ఉన్న అద్దాలు తీసుకోండి. అద్దాలు పోతే అట్టముక్కకు సన్నటి చీలికలు కోసి కళ్లకు కట్టుకోండి. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు కింద, చెవుల వెనక కూడా రాయండి. అక్కడ ఎండ కింది నుంచి వస్తుంది.

12. పాదాలు పొడిగా ఉంచండి. శిబిరం చేరగానే టీ కంటే ముందు సాక్స్ మార్చండి. ఒక పొడి జత రాత్రి పడుకునేందుకే కేటాయించండి, దాన్ని నడకకు వాడకండి. తడి బూట్లలో న్యూస్‌పేపర్ కుక్కి టెంటు లోపలే పెట్టండి. బయట వదిలితే తెల్లారేసరికి అవి గడ్డకట్టి కాలు దూరదు. నీళ్ల సీసా కూడా స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి. వేళ్లు తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దకండి, నిప్పు దగ్గర పెట్టకండి. పొడి బట్టలో చుట్టి, ఒంటి వేడితో వెచ్చబరచండి.

13. ఊపిరి మాట వినండి. పాస్ మీద ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానితో పోలిస్తే 60 శాతమే. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి వెళ్లకండి. కూర్చున్నా ఆయాసం ఆగకపోయినా, మాట తడబడినా, గీత మీద నడవమంటే తూలినా వెంటనే కిందికి దించాలి. రాత్రి అయినా సరే. ఎత్తుకు వాడే మాత్రలు వైద్యుడిని అడిగే వాడండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివాళ్లు.

చాలామంది చేసే తప్పులు

మంచు చూడగానే జారుడుబండ ఆట మొదలవుతుంది. సార్ పాస్ దగ్గర గైడ్లు చూపిన చోట కూర్చుని జారడం మామూలే. అయితే గైడ్ ముందు చూసి, అడుగున ఆగే చోటు ఉందని చెప్పాకే జారండి. ముందు స్పైక్స్ విప్పాలి. మధ్యాహ్నం మెత్తటి మంచులో సరదాగా సాగిన జారుడు పొద్దుటి గట్టి మంచు మీద చేతుల్లోంచి తప్పిపోతుంది.

చిన్నప్పుడు మన హైదరాబాద్ స్నో వరల్డ్‌లో ఆడుకున్నాం, మంచు మనకు కొత్త కాదనుకోవడం ఇంకో తప్పు. అక్కడిది నాలుగు గోడల మధ్య ఆట. కొండ మీది వాలు, ఎండ, గాలి అక్కడ ఉండవు.

మూడోది, పోయినేడాది వీడియో చూసి ఈ ఏడాది బట్టలు సర్దుకోవడం. చలికాలంలో పడిన మంచు ఏటా ఒకేలా ఉండదు. ఒక ఏడు జూన్ మొదటి వారంలో మట్టి కనిపించిన చోట ఇంకో ఏడు నడుం లోతు మంచు ఉంటుంది. బయల్దేరే వారం తాజా సమాచారం అడగండి.

వెనక్కి తిరగడం కూడా నేర్చుకోవాలి

మీ బృందం పాస్‌కు ఇంకా గంట దూరంలో ఉందనుకోండి. పదకొండయింది. పడమట మబ్బు నల్లబడుతోంది, గాలి తిరిగింది. గైడ్ ఆగి, ఈరోజు వద్దన్నాడు. నాచారం నుంచి వచ్చిన కుర్రాడు మీ చేయి పట్టుకుని "అన్నా, ఇంత దూరం వచ్చినం, పైసలు కట్టినం, ఇంకో గంటే కదనే, పోదాం" అంటాడు. ఏం చెబుతారు?

"తమ్మీ, గంటలో పైకి పోతం. దిగేటప్పుడు మబ్బుల దారి కనవడకపోతే ఏం జేస్తం? కొండ యాడికి పోదు, మళ్ల వద్దాం." ఈ మాట ఇప్పుడే నోటికి తెచ్చుకోండి. అక్కడ, అలసటలో, అందరూ పైకి చూస్తున్నప్పుడు కొత్తగా ఆలోచించి చెప్పడం చాలా కష్టం.

2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక బృందం ఒకటి మంచు తుపానులో చిక్కుకుంది. తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. ఎత్తైన చోట జూన్‌లో కూడా వాతావరణం గంటల్లో చలికాలంలా మారగలదు. వాళ్ల తప్పేమిటని వెతకడానికి నేను దీన్ని చెప్పడం లేదు. మీ ఇంటివాళ్లు మీ కోసం ఎదురు చూస్తుంటారు కాబట్టి చెబుతున్నాను.

అందుకే బయల్దేరే ముందు రాత్రే బృందమంతా కూర్చుని వెనక్కి తిరిగే వేళ ఒకటి ఖాయం చేసుకోండి. "పదకొండింటికి ఎక్కడున్నా సరే, తిరిగేస్తాం" అని గట్టిగా అనుకోండి, గైడ్‌తో అనిపించండి. వేళ ముందే నిర్ణయమైతే పాస్ దగ్గర వాదన ఉండదు, ఎవరి మీదా నింద పడదు.

ఇవన్నీ ఒక్కరోజులో వచ్చేవి కావు, కానీ ఒక్కటి కూడా మీకు చేతకానిది కాదు. ఆఫీసుకు వెళ్లొచ్చే మామూలు మనుషులు, యాభై దాటిన అమ్మలు కూడా తయారై వెళ్లి క్షేమంగా తిరిగొస్తున్నారు. మీ ప్రయాణానికి నెల ఉందనుకుంటే ఈ వారం చేయాల్సినవి మూడే: బూట్లు కొనండి, నిర్వాహకులకు ఫోన్ చేసి ఆ నాలుగు ప్రశ్నలు అడగండి, రేపు పొద్దున అయిదున్నరకు అలారం పెట్టి మెట్ల దగ్గరికి వెళ్లండి. బీపీ, ఆస్తమా, గుండె సమస్య ఉన్నవాళ్లు మెట్ల కంటే ముందు వైద్యుడిని కలవండి.